రెండు దేశముల ఏకీకరణము: చీనా తొలి చక్రవర్తియు, కాకతీయ గణపతిదేవుడును



ఈ సంవత్సరము తొమ్మిదవ తరగతిలో ప్రాచీన చీనా దేశచరిత్రమును చెప్పుచుండగా ఒక విద్యార్థిని లేచి, "సార్, చీనాలో ఏడు రాజ్యములను ఒక రాజు ఒక్కటి చేసినాడని చెప్పితిరి. మన తెలుగు నేలను ఒక్కటి చేసినవారెవరు?" అని అడిగెను. "కాకతీయ గణపతిదేవ చక్రవర్తి" అని నేను బదులు చెప్పితిని. ఆమె కూర్చుండక, "ఎట్లు చేసినాడు?" అని మరల అడిగెను. అంతలో గంట మ్రోగెను. పేరు చెప్పుటకు ఒక నిమిషము చాలును గాని, "ఎట్లు" అను ప్రశ్నకు ఒక గంటయు చాలదు. ఆ బాలికకు నేను బాకీపడిన జవాబే ఈ వ్యాసము.

మన సైనిక్‌పురివారికి ఈ ప్రశ్న మిక్కిలి దగ్గఱిది. పేరులోనే సైనికులున్న ఊరు ఇది. మీలో పలువురి తాతలును తండ్రులును దేశరక్షణమునందు పనిచేసి వచ్చినవారు. ఒక కోటను గెలుచుట ఎంత కష్టమో వారెఱుగుదురు. గెలిచినదానిని నిలుపుకొనుట అంతకంటె కష్టమనియు వారెఱుగుదురు. దేశములను ఏకము చేసిన రాజుల చరిత్రమును ఈ రెండవ కష్టమును దృష్టియందుంచుకొని చదువవలెను.

చీనా దేశమున జరిగినది

క్రీస్తుపూర్వము 5వ శతాబ్దము మొదలుకొని రెండువందల యేండ్లకు పైగా చీనా దేశము ఎడతెగని యుద్ధములలో మునిగియుండెను. ఆ కాలమునకు చీనావారు "పోరాడు రాజ్యముల కాలము" అని పేరు పెట్టిరి. చిన్, హాన్, ఝావ్, వేయ్, చూ, యెన్, చీ అను ఏడు రాజ్యములు ఒకదానినొకటి మ్రింగజూచుచుండెను. వీనిలో పడమటి కొననున్న చిన్ రాజ్యమును తక్కిన రాజ్యములవారు నాగరికత తక్కువైనదని చిన్నచూపు చూచెడివారు.

క్రీ.పూ. 4వ శతాబ్దమున షాంగ్ యాంగ్ అను మంత్రి ఆ రాజ్యమును క్రొత్తగా తీర్చిదిద్దెను. యుద్ధములో పరాక్రమము చూపినవానికే పదవి, పంట ఎక్కువ పండించినవానికే మన్నన అని శాసించెను. ప్రభువంశమున పుట్టినంత మాత్రమున పదవి దొరకదాయెను. ఇండ్లను అయిదేసి, పదేసి చొప్పున జట్లుగా కూర్చి, ఒక ఇంటివారి తప్పునకు తక్కిన ఇండ్లవారును బాధ్యులని నియమము పెట్టెను. ఇందువలన రాజ్యమునకు బలము పెరిగెను. ప్రజలలో భయమును పెరిగెను.

క్రీ.పూ. 246లో యింగ్ ఝెంగ్ అను బాలుడు పదుమూడవ యేట చిన్ సింహాసనము నెక్కెను. ఆ కాలమును గూర్చి సీమా చియెన్ అను ప్రాచీన చరిత్రకారుడు ఒక చక్కని కథ వ్రాసియున్నాడు. పొరుగుననున్న హాన్ రాజు చిన్ రాజ్యమునకు భయపడి, ఝెంగ్ గువో అను కాలువల నిపుణుని రహస్యముగా అచటికి పంపెనట. పెద్ద కాలువ త్రవ్వింపుమని చెప్పి ఆ రాజ్యపు జనమును ధనమును ఆ పనిలో హరింపజేయుట అతని పన్నాగము. సగము పని జరిగిన పిమ్మట గుట్టు బయటపడెను. చంపబోగా ఆ నిపుణుడు, "నేను గూఢచారిగా వచ్చిన మాట నిజమే. ఐనను ఈ కాలువ పూర్తియైనచో మేలు కలుగునది మీకే" అనెనట. రాజు ఆ మాట విని పని సాగనిచ్చెను. కాలువ పూర్తియై, చవిటి నేలలు పంటపొలములయ్యెను. కఱవు తగ్గి సైన్యమునకు తిండి సమకూడెను. శత్రువు చెఱుపదలచి పంపిన నీరే చిన్ రాజ్యమునకు బలమైనది. ఈ కథను గుర్తుంచుకొనుడు. నీటిని గూర్చి మరల చెప్పవలసియుండును.

క్రీ.పూ. 230లో హాన్ రాజ్యము పడెను. 228లో ఝావ్ రాజధానియు, 225లో వేయ్, 223లో చూ, 222లో యెన్, 221లో చీ రాజ్యములును వరుసగా లోబడెను. పదియేండ్లలో ఆఱు రాజ్యములు పోయినవి. యింగ్ ఝెంగ్ తనకు "రాజు" అను బిరుదము చాలదని తలచి "షి హువాంగ్‌డీ", అనగా "తొలి చక్రవర్తి", అను క్రొత్త బిరుదము ధరించెను. "చీనా" అను పేరును ఈ చిన్ రాజ్యమునుండియే వచ్చినదని పలువురు పండితులు తలంచుచున్నారు.

అతడు చేసిన పనులు చిన్నవి కావు. దేశమును 36 మండలములుగా విభజించి, ఒక్కొక్కదానికి తాను నియమించిన అధికారులను పంపెను. ఆ పదవులు తండ్రినుండి కొడుకునకు సంక్రమించునవి కావు. ఒక్కొక్క రాజ్యమునందు ఒక్కొక్క తీరున వ్రాయుచుండిన లిపిని ఒకే తీరునకు తెచ్చెను. తూకములను, కొలతలను, నాణెములను ఒక్కటి చేసెను. బండి చక్రముల నడిమి వెడల్పునుగూడ ఒకే కొలతకు తెచ్చెను. ఇది నవ్వదగిన సంగతి కాదు. మట్టి బాటలమీద బండ్లు పోగా పోగా గాడులు పడును. గాడికి సరిపడని బండి ముందునకు సాగదు. ఒక రాజ్యపు బండి మఱొక రాజ్యపు బాటమీద నడువలేనిచో ఆ రెండు రాజ్యముల ప్రజలు కలిసి బ్రదుకుట ఎట్లు?

అతని పనులలో రెండవ పక్షమును కలదు. ఉత్తరపు సరిహద్దు గోడలకును, రాజభవనములకును, సమాధి పనులకును లక్షలకొలది జనులను వెట్టికి పట్టిరి. క్రీ.పూ. 213లో ప్రాచీన గ్రంథములను కాల్చివేయుమని ఆజ్ఞ పుట్టెను. 210లో చక్రవర్తి మరణించెను. మఱుసటి సంవత్సరమే తిరుగుబాటు పుట్టెను. దానికి కారణమును సీమా చియెన్ ఇట్లు చెప్పినాడు. తొమ్మిదివందలమంది సామాన్యులను సరిహద్దు కాపునకు తోలుకొనిపోవుచుండగా పెద్ద వాన కురిసి దారులు తెగిపోయెను. గడువులోపల చేరుట అసాధ్యమయ్యెను. ఆలస్యమునకు శిక్ష మరణము. "పోయినను చావే, తిరుగబడినను చావే" యని తలచి చెన్ షెంగ్ అను కూలివాడు జెండా ఎత్తెను. దేశము భగ్గుమనెను. క్రీ.పూ. 206 నాటికి చిన్ వంశము అంతరించెను. ఏకచ్ఛత్రముగా ఏలినది పదునైదు సంవత్సరములు మాత్రమే!

ఇచ్చట ఉపాధ్యాయునిగా నేనొక మాట చెప్పక తప్పదు. సీమా చియెన్ చిన్ వంశమును తొలగించి వచ్చిన హాన్ వంశపు కాలమువాడు. 1975లో షుయిహుడీ అను చోట ఒక చిన్ అధికారి సమాధిలో వెదురు బద్దలమీద వ్రాసిన చట్టములు దొరికినవి. వాని ప్రకారము వెట్టిపనికి ఆలస్యముగా వచ్చినవారికి మందలింపును, జరిమానాయును శిక్షలు. వాన పడినచో మినహాయింపుగూడ కలదు. అట్లైనచో వ్రాతలోని చట్టము కొంత మెత్తనిదే. కాని కథలోని కూలివాండ్రు చట్టమును చదివినవారు కారు. వారు దొరలను చూచినవారు, దండనలను చూచినవారు. దయ చట్టపు బద్దలలో ఉన్నను జనుల నమ్మకములో లేకపోయినచో దానివలన రాజ్యమునకు ప్రయోజనము లేదు.

తెలుగు నేల: వేయి ముక్కలు

ఇక మన దేశమునకు వత్తము. తెలుగు నేలలో పెక్కు భాగములను శాతవాహనులు ప్రాచీనకాలముననే ఏలిరి. కాని 12వ శతాబ్దము నాటికి ఈ నేల అనేక చేతులలో చిక్కియుండెను. తీరమున వెలనాటి చోడులు, ధరణికోటలో కోటవారు, మధిర నందిగామ ప్రాంతములలో నతవాడివారు, దివిసీమలో అయ్యవంశమువారు, నెల్లూరిలో తెలుగు చోడులు, నిడదవోలులో చాళుక్యులు పాలించుచుండిరి. ఎవరి కోట వారిది, ఎవరి సుంకము వారిది.

కాకతీయులు మొదట స్వతంత్రులు కారు. రాష్ట్రకూటులకును, పిమ్మట కల్యాణి చాళుక్యులకును సామంతులై హనుమకొండ ప్రాంతమును ఏలుచుండిరి. చాళుక్యుల ప్రభుత్వము క్షీణించినప్పుడు రుద్రదేవుడు తన స్వాతంత్ర్యమును చాటుకొనెను. 1163 నాటి హనుమకొండ వేయిస్తంభముల గుడి శాసనము దీనికి సాక్ష్యము. మనము విహారయాత్రలకు పోయి ఛాయాచిత్రములు తీయించుకొను ఆ గుడిలోని ఱాతిపైననే ఒక సామంత కుటుంబము ప్రభువంశమైన వార్త చెక్కబడియున్నది.

రుద్రదేవుని తమ్ముడు మహాదేవుడు దేవగిరి యాదవులతో జరిగిన యుద్ధములో మరణించెను. అతని కుమారుడు గణపతిదేవుడు శత్రువుల చేత చిక్కి చెఱలో పడెను. రాజు లేడు, యువరాజు బందీ. ఇటువంటి సమయమున సామంతులు ఎవరి దారి వారు చూచుకొనుట లోకరీతి. కాని రేచర్ల రుద్రుడను సేనాని రాజ్యమును చెదరనీయక కాపాడెను. యాదవరాజు గణపతిదేవుని విడిచిపుచ్చగా, ఆ సేనాని రాజ్యమును అతనికి అప్పగించెను. 1199లో గణపతిదేవుడు సింహాసనమెక్కి 1262 వఱకు, అనగా అఱువది సంవత్సరములకు పైగా, పాలించెను. పాలంపేటలో రామప్ప దేవాలయమును 1213లో కట్టించినవాడు ఈ రేచర్ల రుద్రుడే. 2021లో యునెస్కో సంస్థవారు దానిని ప్రపంచ వారసత్వ కట్టడముగా ప్రకటించినారు. ఆ గుడి శిల్పమును మెచ్చుకొనువారు దానిని కట్టించినవాని విశ్వాసమునుగూడ తలచుకొనవలెను.

కత్తియు, కల్యాణమును

గణపతిదేవుడు కత్తి పట్టనివాడని నేను చెప్పను. 1201 ప్రాంతమున అతని సేనలు కృష్ణాతీరమునకు దిగి విజయవాడను పట్టుకొనినవి. వెలనాటివారి ప్రాభవము అంతరించెను. దివిసీమయు లోబడెను. కాని లోబడిన దివిసీమ ప్రభువైన పినచోడుని అతడు నాశము చేయలేదు. అతని కుమార్తెలైన నారమ, పేరమ అనువారిని వివాహమాడెను. వారి సోదరుడు జాయప అప్పటికి బాలుడు. రాజు ఆ బాలుని తనవద్ద ఉంచుకొని విద్య చెప్పించి, పెరిగినపిదప గజసైన్యమునకు అధిపతిని చేసెను. ఆ జాయప సేనానియే తరువాత నృత్తరత్నావళి అను ప్రసిద్ధమైన నాట్యశాస్త్ర గ్రంథమును రచించెను. నిన్నటి శత్రువు ఇంట పుట్టినవాడు నేడు రాజుగారి యేనుగులకు నాయకుడు, శాస్త్రకర్త!

తక్కినచోటులందును ఇదే పద్ధతి. సోదరి మైలాంబను నతవాడి వంశమునకు ఇచ్చెను. కుమార్తె గణపాంబను ధరణికోట ప్రభువైన కోట బేతరాజునకు ఇచ్చెను. మఱొక కుమార్తె రుద్రమదేవిని నిడదవోలు చాళుక్య వీరభద్రునకు ఇచ్చెను. నెల్లూరి మనుమసిద్ధి రాజ్యము పోగొట్టుకొని కష్టములో ఉన్నప్పుడు సైన్యము పంపి రాజ్యము మరల నిలిపెను. ఆ సహాయము కోరి వచ్చినవాడు మహాకవి తిక్కనయే యని పరంపరగా చెప్పుదురు.

చీనా చక్రవర్తి పాత రాజవంశములను తుడిచివేసి, తన అధికారులను నిలిపెను. గణపతిదేవుడు పాత వంశములను ఉండనిచ్చి, తనకు చుట్టములను చేసికొనెను. మొదటి పద్ధతిలో ఆజ్ఞ వేగముగా సాగును. రెండవ పద్ధతిలో రక్తపాతము తక్కువ. ఐతే రెండవదానికిని ఒక లోపము కలదు. దానిని ముందు చెప్పెదను.

మోటుపల్లి ఱాయి

నేను చెప్పవలసిన వానిలో ముఖ్యమైనది ఇదియే. బాపట్ల జిల్లాలో సముద్రతీరమున మోటుపల్లి అను గ్రామము కలదు. ఇప్పుడది చిన్న పల్లె. కాకతీయుల కాలమున అది గొప్ప రేవుపట్టణము. అచటి వీరభద్రాలయములోని స్తంభముమీద శక సంవత్సరము 1166, అనగా క్రీ.శ. 1244-45, నాటి గణపతిదేవుని శాసనము కలదు. చరిత్రకారులు దానిని అభయశాసనమని పిలుతురు.

దాని సారాంశమును నా మాటలలో చెప్పెదను. ఆ కాలమున ఓడ ఒక రేవునకు బయలుదేరి గాలివానలో చిక్కి దారి తప్పి వేఱొక తీరమునకు కొట్టుకొనివచ్చినచో, లేదా పగిలిపోయినచో, దానిలోని సరకు ఆ తీరపు రాజుది. బంగారము, ఏనుగులు, గుఱ్ఱములు, రత్నములు ఏవియున్నను రాజభటులు పట్టుకొనెడివారు. పూర్వపు రాజులు అట్లే చేసిరని శాసనమే చెప్పుచున్నది. సముద్రము సగము దోచుకొనగా రాజు మిగిలిన సగము దోచుకొనుట! గణపతిదేవుడు ఆ యాచారమును రద్దు చేసెను. ధనము ప్రాణముకంటెను ప్రియమైనదిగా ఎంచబడుచుండగా, దానికై ప్రాణమునకు తెగించి సముద్రము దాటి వచ్చు వర్తకులయెడ దయ చూపుచున్నాననియు, నియమిత సుంకము తప్ప ఏమియు తీసికొననని అభయమిచ్చుచున్నాననియు ప్రకటించెను. ఎగుమతి దిగుమతులపై సుంకము ముప్పదింట ఒకవంతు. చందనము, కర్పూరము మొదలగు సరకులకు వేఱువేఱు రేటులను ఆ ఱాతిపైననే చెక్కించెను.

విద్యార్థులారా, ఇందులో రెండు విశేషములను గమనింపుడు. మొదటిది దయ. గాలివాన ఎవరి తప్పును కాదు. తప్పు లేనివానిని శిక్షింపరాదను న్యాయమును రాజు తనకు నష్టము వచ్చినను అంగీకరించెను. రెండవది ప్రకటనము. రాజు మనసులో దయ ఉన్నచో అది అతనితో పోవును. ఱాతిమీద చెక్కి రేవులో నిలిపినచో, దూరదేశపు నావికుడైనను సుంకపు అధికారిని అక్కడికి తీసికొనిపోయి, "ఇదిగో, మీ రాజు మాట" అని చూపవచ్చును. శాసనములలో రాజులు తమ్ము తాము పొగడుకొందురు, నిజమే. కాని పొగడ్త వేఱు, రేటు వేఱు. ముప్పదింట ఒకవంతని చెక్కించిన రాజు ఇరువదింట ఒకవంతు అడిగినచో ఱాయియే అతనికి విరోధముగా సాక్ష్యము చెప్పును.

దీని ఫలము ఎట్లున్నది? 13వ శతాబ్దాంతమున వెనీసు నగరమునుండి వచ్చిన మార్కో పోలో అను యాత్రికుడు ఈ రాజ్యమును "ముట్‌ఫిలి" యని, మోటుపల్లి పేరుతోనే, పేర్కొనెను. ఇచటి వజ్రములను, సాలెగూడువంటి సన్నని వస్త్రములను వర్ణించెను. న్యాయముగా ఏలుచుండిన ఒక రాణిని ప్రశంసించెను. ఆమెను చనిపోయిన రాజు భార్యయని అతడు పొరబడినాడు. ఆమె గణపతిదేవుని కుమార్తె రుద్రమదేవి యని పండితుల నిర్ణయము. కాకతీయులు పోయిన పిమ్మట 1358లో అనపోతారెడ్డి యదే మోటుపల్లిలో వర్తకులకు మరల అభయశాసనము వ్రాయించెను. వంశము పోయినను మాట నిలిచినది.

చెఱువులు

మన దక్కను పీఠభూమిలో మంచుకొండలనుండి దిగు నదులు లేవు. వాన మూడు నాలుగు నెలలు కురియును. తక్కిన కాలమున నేల ఎండును. కురిసిన నీటిని ఆపినవాడే ఇచట పంట పండించును. నేల వాలుగా ఉండుటచే ఒక చెఱువు నిండగానే దాని మత్తడి దూకిన నీరు క్రింది చెఱువునకు పోవును. అది నిండిన పిదప దాని క్రిందిదానికి పోవును. వీనినే గొలుసుకట్టు చెఱువులందురు. కట్ట నీటిని ఆపును. తూము పొలములకు వదలును. మత్తడి అధికజలమును పంపివేసి కట్ట తెగకుండ కాపాడును. నీటిని వంతులవారీగా పంచుటకు నీరటికాడు ఉండెడివాడు.

కాకతీయులును వారి సేనానులును ఇట్టి చెఱువులను ఎన్నో కట్టించిరి. పాకాల చెఱువును గణపతిదేవుని మంత్రి కుమారుడైన జగదాల ముమ్మడి కట్టించెను. దాని నీరు నిండినప్పుడు ఇంచుమించు 30 చదరపు కిలోమీటరులు వ్యాపించును. రామప్ప గుడి ప్రక్కన రామప్ప చెఱువు కలదు. లక్నవరము, ఘనపురము చెఱువులును ఆ కాలమువే. బయ్యారము చెఱువును రాజు సోదరి మైలాంబ త్రవ్వించి, దాని కట్టపై తమ వంశచరిత్రను చెక్కించెను. కాకతీయుల పూర్వులను గూర్చి మనకు తెలిసినదానిలో కొంత ఆ చెఱువు ఱాతివలననే తెలిసినది. చెఱువు కట్టించి బాగుచేయువారికి ఆ నీటితో పండు భూమిలో కొంతభాగము మాన్యముగా ఇచ్చుట ఆచారము. దానిని దశబంధమందురు. ఈ విధముగా చెఱువు కట్టుట రాజుగారి పని మాత్రమే కాక, ఊరిపెద్దలకును నాయకులకును లాభమును గౌరవమును తెచ్చు పనియయ్యెను.

గొలుసుకట్టులో పై ఊరివాడు మత్తడిని ఎత్తు చేసినచో క్రింది ఊరు ఎండును. పై కట్ట తెగినచో క్రింది కట్టయు తెగును. కాబట్టి ఒకే గొలుసులోనున్న ఊళ్లు ఒకరితోనొకరు పొందికగా ఉండక తప్పదు. చీనాలో ఝెంగ్ గువో కాలువ ఒక రాజ్యమును బలపఱచినట్లే ఇచట చెఱువులు ఒక దేశమును కలిపి కుట్టినవి.

భాష విషయమునను ఇట్టిదే జరిగెను. తొలినాటి కాకతీయుల శాసనములలో పెక్కింట, తమ ప్రభువులైన చాళుక్యుల ననుసరించి, కన్నడము కానవచ్చును. స్వతంత్రులైన పిమ్మట సంస్కృతముతోబాటు తెలుగు శాసనములు పెరిగెను. హనుమకొండ మొదలు మోటుపల్లి వఱకు దానము వ్రాసినను, సుంకము వ్రాసినను ప్రజలకు తెలిసిన మాటలలో వ్రాయుట అలవాటయ్యెను. ఇందుకై ఒక్క గ్రంథమునైనను కాల్పవలసిన పని కలుగలేదు.

లోపమును, పతనమును

ముందు చెప్పెదనన్న లోపమును గూర్చి ఇప్పుడు చెప్పెదను. చుట్టరికము గట్టి కట్టే, కాని అది మనుష్యుల మనసులను బట్టి యుండును. గణపతిదేవుని చివరి దినములలో పాండ్యులు ముత్తుకూరు యుద్ధమున కాకతీయ సేనలను ఓడించి నెల్లూరు ప్రాంతమును లాగుకొనిరి. 1262 నుండి ఏలిన రుద్రమదేవి యాదవులను తఱిమివేసిన వీరవనిత. ఆమె పెద్ద వంశములవారిపైననే ఆధారపడక, యోగ్యులైన సామాన్యులనుగూడ నాయకులను చేసెను. ఐనను కాయస్థ వంశపు అంబదేవుడు తిరుగబడెను. నల్లగొండ జిల్లా చందుపట్ల శాసనము ఆమె మరణమును 1289 నవంబరునందు పేర్కొనుచున్నది. ఆమె ఆ తిరుగుబాటుతో జరిగిన యుద్ధములోనే మరణించినదని పలువురు చరిత్రకారుల అభిప్రాయము.

ఆమె మనుమడు ప్రతాపరుద్రుడు రాజ్యమును చక్కబఱచెను గాని, ఢిల్లీ సేనలు పదే పదే దండెత్తి వచ్చినవి. 1310లో మాలిక్ కాఫూరునకు ఓరుగల్లు ధనరాసుల నిచ్చి సంధి చేసికొనెను. 1323లో కోట పడిపోయెను. బందీయై ఢిల్లీకి పోవు దారిలో ప్రతాపరుద్రుడు మరణించెను. 1163 మొదలు 1323 వఱకు లెక్కింపగా నూటయఱువది సంవత్సరములు. చిన్ వంశమునకు దక్కినది పదునైదు.

ఐతే ఈ లెక్కతో ఒకరిని ఎక్కువ, మఱొకరిని తక్కువ యని తీర్పు చెప్పుట తొందరపాటగును. చిన్ చక్రవర్తి ఏర్పఱచిన మండలములను, లిపిని, కొలతలను అతనిని ద్వేషించిన హాన్ వంశమువారును విడిచిపెట్టలేదు. వానిమీదనే నాలుగువందల యేండ్లు ఏలిరి. అనగా షి హువాంగ్ చేసినవానిలో ప్రజలకు పనికివచ్చినది నిలిచెను, ప్రజలను పీడించినది పోయెను. 1974లో షియాన్ నగరమునకు సమీపమున బావి త్రవ్వుచుండిన రైతులకు అతని సమాధి కాపలాకై చేసిన మట్టి సైనికులు బయటపడిరి. వేలకొలది సైనికులు వరుసలు తీరి నిలిచియున్నను వారు ఆ రాజ్యమును ఒక్క దినమైనను కాపాడలేకపోయిరి. ఆ సైనికులను వెలికి తీసినది నీటికొఱకు వెదకిన రైతు పార.

కాకతీయుల విషయమునను అట్లే. ఓరుగంటి కోటగోడలు శిథిలమైనవి. కీర్తితోరణములు మాత్రము నిలిచి, చూడవచ్చినవారికి సౌందర్యమును చూపుచున్నవి. కాని పాకాల నీటితో నేటికిని వరి పండుచున్నది. ఎనిమిదివందల యేండ్ల క్రిందట కట్టించిన కట్ట ఈ సంవత్సరపు బియ్యమునకు కారణమగుచున్నది. 2015లో తెలంగాణ ప్రభుత్వము నలుబదియాఱు వేలకు పైగా చెఱువులను బాగుచేయ సంకల్పించినప్పుడు ఆ పనికి మిషన్ కాకతీయ యని పేరు పెట్టుట ఊరక కాదు.

మన పాలు

1956లో ఒక్కటైన తెలుగువారి రాష్ట్రము 2014 జూన్ 2న రెండయ్యెను. దానిని గూర్చి మీ ఇండ్లలో వేఱువేఱు అభిప్రాయములు ఉండవచ్చును. మన తరగతి గదులలో కృష్ణా జిల్లానుండి వచ్చిన కుటుంబముల బిడ్డలును, వరంగల్లు పిల్లలును, సైన్యములో పనిచేసి వచ్చిన అన్ని ప్రాంతములవారి పిల్లలును ఒకే బల్లమీద కూర్చుందురు. పటముమీది గీతలు రాజులవలనను ప్రభుత్వములవలనను మాఱుచుండును. గీతకు అటునిటు ఉన్నవారి మధ్య న్యాయమును నీరును ప్రవహించుచున్నంత కాలము ఆ జనులు ఒక్కటియే.

ఇక "ఎట్లు చేసినాడు?" అని అడిగిన బాలికకు నా జవాబు ఇది. అమ్మాయీ, గణపతిదేవుడు మొదట కత్తితో చేసినాడు. కత్తితో చేసినదానిని చుట్టరికముతో బిగించినాడు. ఆ చుట్టరికమును తిరుగుబాటుదారులు తెంపగలిగిరి. కాని మోటుపల్లిలో అతడు చెక్కించిన దయను తరువాతి వంశమువారును కాదనలేకపోయిరి. అతని కాలపు చెఱువులు నేటికిని అన్నము పెట్టుచున్నవి. ఓడ పగిలినవానిని దోచనని అందఱికి కనబడునట్లు వ్రాసియిచ్చుట, పై ఊరి నీరు క్రింది ఊరికి చేరునట్లు కట్ట కట్టుట: ఈ రెండును దేశమును ఏకము చేసిన పనులలో ఎక్కువకాలము నిలిచినవి.

మన సైనిక్‌పురి ప్రక్కనే కాప్రా చెఱువు కలదు. సాయంకాలమున మీలో పలువురు దాని కట్టమీద నడచుచుండగా చూచియున్నాను. గుఱ్ఱపుడెక్క అల్లుకొనినప్పుడును, మురుగు చేరినప్పుడును మనము ముక్కు మూసికొని తొలగిపోవుచున్నాము. వచ్చు వేసవిలో పై తరగతులవారితో కలిసి ఆ చెఱువునకు నీరు ఏ దారిని వచ్చుచున్నదో, ఏ దారిని పోవుచున్నదో కాలినడకన చూచి, ఒక పటము గీయవలెనని నా కోరిక. ప్రశ్న అడిగిన విద్యార్థినియే ఆ పటమునకు మొదటి గీత గీయవలెను. తల్లిదండ్రులలో ఈ చెఱువు పూర్వస్థితిని చూచినవారెవరైన ఉన్నచో, తాము చూచినదానిని ఆ దినమున వచ్చి పిల్లలకు చెప్పవలసినదిగా వినయముతో కోరుచున్నాను.